లీటరుకు ఎన్ని కిలోలు?

విమానం ట్యాంకుల్లో 7,682 లీటర్ల ఇంధనం ఉంది. ప్రయాణానికి 22,300 కిలోలు కావాలి. ఇంధనం సాంద్రత లీటరుకు 0.803 కిలోలు. ఇంకా ఎన్ని లీటర్లు నింపాలి?

చూడ్డానికి ఇంటర్‌ ఫస్టియర్‌ కెమిస్ట్రీ పరీక్షలో వచ్చే నాలుగు మార్కుల లెక్కలా ఉంది కదా! కాస్త మనసుపెడితే రెండు నిమిషాల పని. ఉన్న లీటర్లను సాంద్రతతో గుణిస్తే 6,169 కిలోలు. కావాల్సిన 22,300లోంచి అది తీసేస్తే 16,131 కిలోలు. దాన్ని 0.803తో భాగిస్తే 20,088 లీటర్లు. అంతే.

1983 జులై 23న కెనడాలోని మాంట్రియల్‌లో ఈ లెక్కను నిజంగానే చేశారు. ఎయిర్‌ కెనడా 143వ నంబరు విమానం ఎడ్మంటన్‌ వెళ్లాలి. సిబ్బందికి వచ్చిన జవాబు 4,916 లీటర్లు. అంతే నింపి పంపించారు. కావాల్సిన దాంట్లో పావు వంతు!

ఆ విమానం బోయింగ్‌ 767. అప్పటికి సరికొత్తది. ఇంధనం ఎంతుందో చూపించే మీటర్లు ఆ రోజు పనిచేయకపోవడంతో ట్యాంకుల్లో కొలబద్దతో కొలిచి లీటర్లు తేల్చారు. అక్కడిదాకా బాగానే ఉంది. కెనడా అప్పుడప్పుడే పాత బ్రిటిష్‌ కొలతల్ని వదిలి మెట్రిక్‌ పద్ధతిలోకి మారుతోంది. ఆ సంస్థ మిగతా విమానాలకు ఇంధనం లెక్క పౌండ్లలో, 767కి మాత్రం కిలోల్లో. లీటర్లను బరువులోకి మార్చడానికి సిబ్బంది వాడిన అంకె 1.77. లీటరు ఇంధనం బరువు నిజంగానే 1.77, కాకపోతే పౌండ్లలో. వచ్చిన జవాబును మాత్రం కిలోలనుకున్నారు. గుణకారం తప్పలేదు, తీసివేత తప్పలేదు, భాగహారమూ తప్పలేదు. మధ్యలో ఒటావాలో దిగినప్పుడు కెప్టెన్‌ బాబ్‌ పియర్సన్‌ మళ్లీ కొలిపించారు. మళ్లీ పౌండ్ల అంకెతోనే గుణించారు. లెక్క చక్కగా సరిపోయింది.

ఆకాశంలో 41 వేల అడుగుల ఎత్తున ఎగురుతున్న విమానం ఇంజిన్లు ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. పియర్సన్‌కు ఇంజిన్‌ లేని గ్లైడర్లు నడిపే సరదా ఉండటం, కో పైలట్‌ మారిస్‌ క్వింటాల్‌ ఒకప్పుడు పనిచేసిన వైమానిక దళ స్థావరం గిమ్లీ దగ్గర్లోనే ఉండటం ప్రయాణికుల అదృష్టం. మూసేసిన ఆ రన్‌వే అప్పటికి కార్ల పందేల ట్రాక్‌గా మారింది. విమానాన్ని అలాగే జార్చుకుంటూ తీసుకొచ్చి అక్కడ దించారు. 69 మందిలో ఒక్కరి ప్రాణమూ పోలేదు. వైమానిక చరిత్రలో ‘గిమ్లీ గ్లైడర్‌’గా ఆ విమానం పేరు నిలిచిపోయింది.

పైలట్ల నైపుణ్యం గురించి ఎంతో రాశారు, సినిమా కూడా తీశారు. నాకు మాత్రం ఆ లెక్క రాసిన కాగితమే కళ్లముందు మెదులుతుంటుంది. లీటరు నీళ్లు కిలో తూగుతాయని అందరికీ తెలుసు. విమాన ఇంధనం కిరోసిన్‌ లాంటిది, నీళ్లమీద తేలుతుంది. అలాంటిది లీటరుకు 1.77 కిలోలు ఎలా తూగుతుంది? ఆ ప్రశ్న ఒక్కరికి తట్టినా విమానం మాంట్రియల్‌లోనే ఆగేది. సాంద్రత లెక్కల్లో ఉన్న సౌకర్యమే ఇది. నీటి సాంద్రత ఒకటి అని గుర్తుంటే చాలు, వచ్చిన జవాబు నమ్మదగిందో కాదో కంటిచూపుతో చెప్పేయొచ్చు.

మొదటి పాఠం... మొదటి వారంలోనే సరి

మన దగ్గర ఈ లెక్కలు నేర్పేది ఇంటర్‌ మొదటి సంవత్సరం మొదట్లో. ప్రమాణాలు, వాటి మార్పిడి, సార్థక అంకెలు, సాంద్రత... తొమ్మిదో తరగతిలో చదివేసినవే కదా అని లెక్చరర్లు రెండు మూడు క్లాసుల్లో ముగించేస్తారు. ఎంట్రన్స్‌లో దీన్నుంచి వచ్చే ప్రశ్నలు తక్కువ, ముందు పరమాణు నిర్మాణం ఎదురుచూస్తుంటుంది. దాంతో పిల్లల చేతికి సూత్రం బదులు చిట్కా వస్తుంది: ‘కిలో నుంచి గ్రాముకు దిగితే మూడు సున్నాలు పెట్టు, ఎక్కితే మూడు కొట్టెయ్‌.’ సెంటీమీటరు, మీటరు ఉన్నంతసేపు చిట్కా పనిచేస్తుంది. ఘనపు సెంటీమీటర్లు రాగానే బోల్తా కొడుతుంది. మీటరుకు 100 సెంటీమీటర్లు కాబట్టి ఘనపు మీటరుకు 100 ఘనపు సెంటీమీటర్లని రాసే పిల్లలు ఏ కాలేజీలో చూసినా కనిపిస్తారు. రాయాల్సింది పది లక్షలు.

విచిత్రమేంటంటే ఈ తప్పు మన ఇళ్లలో ఎవరూ చేయరు, స్థలం కొనేటప్పుడు. గజానికి మూడు అడుగులు. చదరపు గజానికి మాత్రం తొమ్మిది చదరపు అడుగులని తెలుగు రాష్ట్రాల్లో ప్లాటు కొన్న ప్రతి తండ్రికీ తెలుసు. 200 గజాలంటే 1,800 చదరపు అడుగులని నోటితో చెప్పేస్తారు. అదే ఇంట్లో పిల్లాడు కెమిస్ట్రీ నోట్సులో ఘనపు మీటరు దగ్గర రెండు సున్నాలు పెట్టి ఊరుకుంటాడు. పాఠానికీ ప్లాటుకూ సంబంధముందని ఎవరూ చెప్పకపోవడం వల్లే ఇది.

దీనికి మందు కూడా పాఠ్యపుస్తకంలోనే ఉంది. ప్రతి మెట్టులో అంకె పక్కన ప్రమాణాన్ని రాయడం, ప్రమాణాల్ని కూడా అంకెల్లాగే పైనా కిందా కొట్టేయడం. పాదరసం సాంద్రత ఘనపు సెంటీమీటరుకు 13.6 గ్రాములు. దాన్ని ఘనపు మీటరుకు కిలోల్లోకి మార్చాలి. ముందు వెయ్యి గ్రాములకు ఒక కిలో అనే భిన్నం రాస్తాం, గ్రాములు కొట్టుకుపోతాయి. తర్వాత ఒక ఘనపు మీటరుకు పది లక్షల ఘనపు సెంటీమీటర్లు అనే భిన్నం, ఘనపు సెంటీమీటర్లు కొట్టుకుపోతాయి. మిగిలింది 13,600 కిలోలు, ఘనపు మీటరుకు. భిన్నాన్ని తలకిందులుగా వేస్తే ప్రమాణాలు కొట్టుకుపోక అక్కడే మిగిలిపోతాయి, తప్పు తనంతట తానే పట్టుబడుతుంది. పది లక్షల చోట వంద రాసిన పిల్లాడికి ఏమొస్తుందో కూడా చూద్దాం: 1.36 కిలోలు. మన చుట్టూ ఉన్న గాలి సాంద్రత ఘనపు మీటరుకు దాదాపు 1.2 కిలోలు. అంటే పాదరసాన్ని గాలిలో కలిపేసినట్టే! ‘నీ జవాబు ప్రకారం పాదరసం గాలంత తేలిక, ఆలోచించు’ అని చెబితే ఆ పిల్లాడు జన్మలో మర్చిపోడు. ఎర్ర ఇంకుతో అడ్డంగా కొట్టేస్తే వారంలో మర్చిపోతాడు.

ల్యాబ్‌లో గాఢ సల్ఫ్యూరిక్‌ ఆమ్లం సీసా లేబుల్‌ చదివారా? దానిమీద ఈ రెండు అంకెలుంటాయి: 98 శాతం, సాంద్రత 1.84. మొలారిటీ సాధారణంగా రాయరు. అది మనమే కట్టుకోవాలి. లీటరు ఆమ్లం 1,840 గ్రాములు. అందులో 98 శాతమంటే 1,803 గ్రాములు. అణుభారం 98తో భాగిస్తే 18.4 మోల్స్‌. బరువు శాతం నుంచి మొలారిటీకి వెళ్లే దారిలో సాంద్రతను దాటకుండా అడుగు పడదు. డిగ్రీ పూర్తయ్యాక ఫార్మా కంపెనీల్లో చేరే మన పిల్లలు రోజూ చేసేది ఈ లెక్కే.

కుంచం కొలత, వీశె తూకం

కొలవడం వేరు, తూచడం వేరన్న సంగతి మన పెద్దవాళ్లకు కొత్త కాదు. ధాన్యానికి కొలత: నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. బెల్లానికీ చింతపండుకూ తూకం: 120 తులాలు వీశె, ఎనిమిది వీశెలు మణుగు. తులం 11.66 గ్రాములు కాబట్టి వీశె అంటే దాదాపు 1.4 కిలోలు. మొదటి వరుస ఘనపరిమాణం, రెండోది ద్రవ్యరాశి. కుంచం వడ్లు ఎన్ని వీశెలో చెప్పాలంటే గింజ ఎంత గట్టిదో, ఎంత ఆరిందో తెలియాలి. తలకొట్టి కొలిచారా, గోపురంగా పోశారా అన్నది ఇంకో తగువు. పైగా కుంచం ఊరూరికీ మారేది.

1956లో తూనికలు కొలతల చట్టం వచ్చింది. 1957 ఏప్రిల్‌ 1న నయా పైసలు, 1958 అక్టోబరు నుంచి అంచెలంచెలుగా కిలోలు. అణాకు ఆరుంపావు నయా పైసలు. ఆ పావు దగ్గర దుకాణాల్లో ఎంత రభస జరిగిందో ఆ తరం పెద్దలెవర్నడిగినా చెబుతారు. ఎకరాలు, సెంట్లు, కుంటలు, గజాలు మాత్రం ఆ చట్టానికి లొంగలేదు. ఇప్పటికీ లొంగినట్టు లేవు.

ఇంతకీ లీటరు నీళ్లు కిలో ఎందుకు తూగుతాయి? కిలోను అలాగే తయారుచేశారు కనుక. ఫ్రెంచి విప్లవ కాలంలో 1790లలో, నీటి ఘనపరిమాణాన్నే ఆధారంగా తీసుకున్నారు. నిర్ణీత పరిమాణం నీటిని జాగ్రత్తగా తూచినవాళ్లలో ఆధునిక రసాయనశాస్త్ర పితామహుడు లావోయిజర్‌ ఒకరు. ఆ పని పూర్తయ్యేలోపే 1794లో ఆయన తల తీసేశారు. తర్వాత 1901లో లీటరును కిలో నీటి పరిమాణంగా నిర్వచించారు. కొలిచి చూస్తే అది వెయ్యి ఘనపు సెంటీమీటర్ల కన్నా పది లక్షలకు 28 వంతులు ఎక్కువ తేలింది. ఆ లెక్కన 1964 దాకా మిల్లీలీటరు, ఘనపు సెంటీమీటరు ఒకటి కాదన్నమాట! 1964లో ఆ నిర్వచనాన్ని రద్దు చేశాకే మళ్లీ రెండూ ఒకటయ్యాయి.

ఉప్పు మడుల్లో కెమిస్ట్రీ

సాంద్రతను పరీక్ష కోసం కాక పొట్టకూటి కోసం కొలిచేవాళ్లను చూడాలంటే శ్రీకాకుళం జిల్లా నౌపడకో, బాపట్ల జిల్లా చినగంజాంకో వెళ్లాలి. సముద్రపు నీటిని మడిలోంచి మడిలోకి మళ్లిస్తూ ఎండబెడతారు. ఎప్పుడు ఏ మడిలోకి వదలాలో చెప్పేది గాజు గొట్టం లాంటి హైడ్రోమీటర్‌. దానిమీద ఉండేవి బోమే డిగ్రీలు. ఫ్రెంచి ఔషధ నిపుణుడు ఆంటోన్‌ బోమే 1768లో తయారుచేసిన కొలమానమది. సముద్రపు నీరు దాదాపు మూడున్నర డిగ్రీలు. ఎండకు నీరు ఆవిరవుతున్నకొద్దీ అంకె పెరుగుతుంది. సున్నం సంబంధమైన లవణాలు ముందే అడుగున పేరుకుంటాయి. 25 డిగ్రీల దగ్గర అసలు ఉప్పు గింజ కడుతుంది. 30కి చేరేలోగా మిగిలిన నీటిని బయటికి తోసేయాలి, ఆలస్యమైతే మెగ్నీషియం లవణాలు కలిసి ఉప్పు చేదెక్కుతుంది. బోమే డిగ్రీలను మన సాంద్రతలోకి మార్చడం తేలికే. 145లోంచి డిగ్రీలు తీసేసి, ఆ వచ్చినదాంతో 145ను భాగించాలి. 25 డిగ్రీలంటే 145ను 120తో భాగిస్తే 1.208. మూడున్నర డిగ్రీలకు 1.025. సముద్రపు నీటి సాంద్రత ఏ పుస్తకం తీసినా అంతే ఉంటుంది.

పాల కేంద్రంలో లాక్టోమీటర్‌దీ ఇదే సూత్రం. రీడింగ్‌ 30 అంటే సాంద్రత 1.030. నీళ్లు కలిపితే తగ్గుతుంది. అయితే వెన్న తీస్తే పెరుగుతుంది, ఎందుకంటే పాలల్లో తేలికైనది వెన్నే. కాబట్టి వెన్న తీసి, తగినన్ని నీళ్లు కలిపితే లాక్టోమీటర్‌ మళ్లీ 30 చూపించి ఊరుకుంటుంది. సాంద్రత ఒక్కటే చూసి పాలను నమ్మకూడదని డెయిరీలకు ఎప్పుడో తెలిసింది. అందుకే వెన్న శాతాన్ని విడిగా పరీక్షిస్తారు.

పెట్రోలు బంకులోనూ సాంద్రత బోర్డు ఉంటుంది, మనం చూడం. పెట్రోలు సాంద్రత 15 డిగ్రీల సెంటీగ్రేడ్‌ దగ్గర ఘనపు మీటరుకు 720 నుంచి 775 కిలోల మధ్య ఉండాలి. ట్యాంకరు వచ్చినప్పుడు నమోదైన సాంద్రతకూ బంకులో కొలిచినదానికీ తేడా మూడు కిలోలు దాటకూడదు. హైడ్రోమీటర్‌, థర్మామీటర్‌ తెప్పించి కొలిపించుకునే హక్కు వినియోగదారుడికి ఉంది.

ఇక వంటింటికి వద్దాం. నూనె ప్యాకెట్‌ తిప్పి చూడండి. లీటరు అని రాసి, పక్కనే 910 గ్రాములని ఉంటుంది. కొన్నాళ్ల కిందట కొన్ని కంపెనీలు లీటరు పక్కన ఉష్ణోగ్రత కూడా అచ్చు వేసేవి. 30 డిగ్రీలు, కొన్నింటిమీద 60 డిగ్రీలు! నూనె వేడెక్కితే వ్యాకోచిస్తుంది. సోయా నూనె 30 డిగ్రీల దగ్గర లీటరుకు దాదాపు 913 గ్రాములు తూగితే, 60 డిగ్రీల దగ్గర 893 గ్రాములే. లీటరన్న మాట నిజమే, ఇరవై గ్రాముల నూనె మాత్రం తగ్గింది. 60 డిగ్రీల నూనె ప్యాకెట్‌ను ఏ దుకాణంలో అమ్ముతారో వాళ్లే చెప్పాలి. 2022 ఆగస్టులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కల్పించుకుని, ఉష్ణోగ్రత ఊసెత్తకుండా పరిమాణం, దాంతోపాటు సరైన బరువు ముద్రించాలని చెప్పింది. భౌతికశాస్త్రం తెలిసినవాడు చేసే మోసాన్ని పట్టుకోవాలంటే అవతలివాడికీ భౌతికశాస్త్రం తెలియాలి. ఓ చిన్న లెక్క: లీటరు ప్యాకెట్‌ 140 రూపాయలు, కిలో డబ్బా 150 రూపాయలు అనుకుందాం. ఏది చవక? 140ని 0.91తో భాగిస్తే కిలో ధర దాదాపు 154. డబ్బాయే నయం.

చెంచాలో పొరపాటు

నూనెలో పొరపాటుపడితే నాలుగు రూపాయలు పోతాయి. జ్వరం మందులో అయితే అలా కాదు. పిల్లల పారాసిటమాల్‌ మూడు నాలుగు రకాల గాఢతల్లో దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములది ఒకటి, 250 మిల్లీగ్రాములది మరొకటి, మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందు ఇంకొకటి. డాక్టరు 150 మిల్లీగ్రాములు వేయమన్నారనుకోండి. మొదటి సిరప్‌ 6 మిల్లీలీటర్లు, రెండోది 3, చుక్కల మందు ఒకటిన్నర. క్రితంసారి ‘ఆరు’ వేశాం కదా అని చుక్కల మందును 6 మిల్లీలీటర్లు పోస్తే పసివాడి కడుపులోకి వెళ్లేది 600 మిల్లీగ్రాములు. నాలుగింతలు! మిల్లీగ్రాము మందు బరువు, మిల్లీలీటరు ద్రవం పరిమాణం. రెండింటి మధ్యా లేబుల్‌మీద రాసిన నిష్పత్తే ఉంది. సీసా మారితే డాక్టర్నో, ఫార్మసిస్టునో మళ్లీ అడగాల్సిందే. ఇంట్లో చెంచాలు కొలపాత్రలు కావు, సీసాతోపాటు ఇచ్చే కొలమూతో, డ్రాపరో వాడాలి.

మూడో దశాంశంలో దొరికిన వాయువు

సాంద్రత లెక్కల్లో దశాంశం తర్వాత అన్నన్ని అంకెలెందుకని విసుక్కునే విద్యార్థులకు చెప్పాల్సిన కథొకటి ఉంది. 1890ల్లో ఇంగ్లండులో లార్డ్‌ రేలీ నైట్రోజన్‌ సాంద్రతను కొలుస్తున్నారు. గాలిలోంచి ఆక్సిజన్‌ వగైరాలు తీసేస్తే మిగిలిన నైట్రోజన్‌ లీటరుకు 1.257 గ్రాములు తూగింది. అమోనియా నుంచి తయారుచేసిన నైట్రోజన్‌ మాత్రం దాదాపు 1.250. తేడా అర శాతం. ఇంకెవరైనా అయితే సరాసరి తీసి రాసేసేవారు. ఆయన మళ్లీ మళ్లీ కొలిచారు, తేడా పోలేదు. 1892లో ‘నేచర్‌’ పత్రికకు ఉత్తరం రాసి, కారణం చెప్పగలరా అని రసాయన శాస్త్రవేత్తల్నే అడిగారు. ఆ తర్వాత విలియం రామ్సే చేయి కలిపారు. 1894లో ఇద్దరూ ప్రకటించారు: గాలిలో దాదాపు ఒక శాతం, అంతవరకూ ఎవరికీ తెలియని వాయువుంది. అదే ఆర్గాన్‌. ఇన్ని వేల ఏళ్లుగా మనుషులు పీల్చి వదులుతున్నా కనిపించనిది, తూకంలో దొరికింది. 1904లో రేలీకి భౌతికశాస్త్రంలో, రామ్సేకి రసాయనశాస్త్రంలో నోబెల్‌ వచ్చాయి.

రామ్సే పేరుకు మనతోనూ చుట్టరికముంది. 1895లో భూమ్మీద హీలియంను వేరుచేసింది ఆయనే. ఆ హీలియం ఆనవాళ్లు మొదట సూర్యకాంతిలో బయటపడింది 1868లో. ఆ ఏడాది ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్‌ వచ్చి మకాం వేసింది గుంటూరులో. టాటాలు తలపెట్టిన విజ్ఞానశాస్త్ర సంస్థకు బెంగళూరు తగిన చోటని 1900లో చెప్పింది కూడా ఈ రామ్సేయే.

ఆర్గాన్‌ కథకు తిరగబడ్డ కథ నాసాది. 1999 సెప్టెంబరు 23న అంగారకుణ్ని చేరిన వ్యోమనౌక ‘మార్స్‌ క్లైమేట్‌ ఆర్బిటర్‌’ ఆచూకీ లేకుండా పోయింది. ఒక సాఫ్ట్‌వేర్‌ పౌండ్లలో ఇచ్చిన అంకెల్ని మరొకటి న్యూటన్లుగా తీసుకుంది. తేడా 4.45 రెట్లు. చదువుకోనివాళ్లు చేసిన తప్పు కాదిది, ప్రపంచంలోనే పెద్ద చదువులు చదివినవాళ్లు చేసింది.

ఇంటర్‌ పాఠం చెప్పే లెక్చరర్లకు ఒక విన్నపం. ప్రమాణాల అధ్యాయానికి ఇంకో వారం ఇవ్వండి. పిల్లలతో ఇంటినుంచి నూనె ప్యాకెట్‌ లేబులూ మందు సీసా లేబులూ తెప్పించి వాటిమీదే లెక్కలు చేయించండి. కాలిక్యులేటర్‌ ముట్టుకోకముందే జవాబు సుమారుగా ఎంత రావాలో నోటితో చెప్పించండి. ప్రమాణం రాయని జవాబుకు అర మార్కు కోయడం కాదు, మొత్తం మార్కులూ తీసేయండి. నాలుగు రోజులు గొణుక్కుంటారు, తర్వాత వాళ్లే రాస్తారు.